చేతిలో ముక్క, తలలో లెక్క

2017 జనవరిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, రివర్స్ కసినోలో, పోకర్‌లో పేరున్న నలుగురు ఆటగాళ్లు ఒక కంప్యూటర్ ప్రోగ్రాంతో ఇరవై రోజులు తలపడ్డారు. దాని పేరు లిబ్రాటస్. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో టువోమస్ శాండ్‌హోమ్, ఆయన విద్యార్థి నోమ్ బ్రౌన్ దాన్ని తయారుచేశారు. నలుగురూ విడివిడిగా దానితో ఆడిన ఆటలు మొత్తం 1,20,000. చివరికి లెక్క చూస్తే, 17 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టిన చిప్స్ (పందెం బిళ్లలు) తేడాతో లిబ్రాటస్ గెలిచింది.

పోకర్ అనగానే సినిమాల్లో చూసిన మొనగాడు గుర్తొస్తాడు. కదలని ముఖం, నల్లకళ్లద్దాలు, ఎదుటివాడి కళ్లలోకి ఒక్క చూపు చూసి అబద్ధం పట్టేసే తెలివి. లిబ్రాటస్‌కు అవేవీ లేవు. అది ఎవరి ముఖమూ చూడలేదు. దాని ముఖం చూసి భయాన్నో ధైర్యాన్నో పసిగట్టే వీలు ఆటగాళ్లకూ లేదు. అయినా అది గెలిచింది. అలాంటప్పుడు ఈ ఆటలో మనస్తత్వం చేసే పని ఏమిటి? నైపుణ్యం అంటే అసలు ఏమిటి? అదృష్టం వాటా ఎంత? ఈ మూడింటినీ విడదీసి చూడటమే ఈ అధ్యాయం పని.

దాచిన రెండు, పరిచిన ఐదు

పోకర్‌లో చాలా రకాలున్నాయి. ప్రపంచమంతటా ఎక్కువగా ఆడేది టెక్సాస్ హోల్డెమ్. ప్రతి ఆటగాడికీ రెండు ముక్కలు మూసి ఇస్తారు. బల్ల మధ్య ఐదు ముక్కలు అందరికీ కనబడేలా తెరుస్తారు. మొదట మూడు, తర్వాత ఒకటి, చివరికి మరొకటి. తన రెండూ బల్ల మీది ఐదూ కలిపి, ఆ ఏడింటిలో మేలైన ఐదు ముక్కలు ఎవరికి కుదిరితే పాట్‌లోని డబ్బు, అంటే అందరూ వేసిన పందెం మొత్తం, వాళ్లది. జత కంటే రెండు జతలు గొప్ప, వాటికంటే ఒకే అంకె ముక్కలు మూడు గొప్ప. ఇలా పైకి పోతుంది. 52 ముక్కల్లోంచి ఐదు ముక్కలను 25,98,960 రకాలుగా తీయవచ్చు. వాటిలో ఒకే అంకె ముక్కలు నాలుగు వచ్చేవి 624 మాత్రమే. ఎంత అరుదైతే అంత గొప్ప అన్నదే ఈ వరుసకు ఆధారం.

ముక్కలు తెరిచే ప్రతి దశకూ ముందో వెనకో పందెం వేసే అవకాశం ఉంటుంది. పందెం పెంచవచ్చు, ఎదుటివాడు వేసినంత వేసి నిలబడవచ్చు, ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. మిగతా అందరూ తప్పుకుంటే, మిగిలినవాడు తన ముక్కలు చూపించకుండానే పాట్ తీసుకుంటాడు. ఇక్కడే పోకర్ మిగతా పేకాటల నుంచి వేరవుతుంది. 2009లో సిజిటల్ అనే సంస్థ 10.3 కోట్ల ఆన్‌లైన్ ఆటలను పరిశీలిస్తే, వాటిలో 75.7 శాతం ముక్కలు చూపించే దాకా రాకుండానే ముగిశాయని తేలింది. ఈ అధ్యయనానికి డబ్బు ఇచ్చింది ఒక పోకర్ కంపెనీయే కాబట్టి, దాన్నుంచి తీసే నిర్ణయాల దగ్గర జాగ్రత్త అవసరం. అయినా ఆ లెక్క చెప్పే విషయం మాత్రం స్పష్టం: నాలుగింట మూడు ఆటల్లో గెలుపును తేల్చింది ముక్కలు కాదు, ఆటగాళ్లు వాటి గురించి తీసుకున్న నిర్ణయాలు.

ఒక రాత్రి ఎవరిది?

హోల్డెమ్‌లో మొదటి రెండు ముక్కలు 1,326 రకాలుగా రావచ్చు. అన్నిటికంటే మేలైనవి రెండు ఆసులు. అవి సగటున 221 ఆటలకు ఒకసారి వస్తాయి. అలా వచ్చినా గెలుపు ఖాయం కాదు. ఏవో రెండు ముక్కలున్న ఒకే ఒక ప్రత్యర్థితో చివరిదాకా వెళ్తే, ఆసులు గెలిచేది నూటికి దాదాపు 85 సార్లు. మిగతా పదిహేను సార్లూ అన్నీ సరిగా చేసినవాడే ఓడిపోతాడు. ఎదుట ఇద్దరు ముగ్గురు ఉంటే ఆ ఓటములు ఇంకా పెరుగుతాయి.

నైపుణ్యం ఇంత గందరగోళంలో ఎప్పుడు బయటపడుతుంది? ఒక లెక్క వేద్దాం. ఒక మంచి ఆటగాడు వంద ఆటలకు సగటున 50 రూపాయలు గెలుస్తాడనుకుందాం. అతని ఫలితాలు వంద ఆటల్లో 900 రూపాయల మేర అటూ ఇటూ ఊగుతాయనుకుందాం. ఊగులాట సగటుకు అన్ని రెట్లు ఉండటం ఈ ఆటలో మామూలే. వంద ఆటలయ్యాక అతను లాభంలో ఉండే అవకాశం 52 శాతం. నాణెం ఎగరేయడానికి దీనికీ పెద్ద తేడా లేదు. పదివేల ఆటలయ్యాక అది 71 శాతం అవుతుంది. లక్ష ఆటలయ్యాక 96 శాతం దాటుతుంది. కారణం సులభం. ఆటలు వంద రెట్లు పెరిగితే సగటు లాభం కూడా వంద రెట్లు పెరుగుతుంది, ఊగులాట మాత్రం పది రెట్లే పెరుగుతుంది. అంచేత కాలం గడిచేకొద్దీ నైపుణ్యం అదృష్టాన్ని దాటిపోతుంది.

ఆ కాలం ఎంతన్నది గమనించండి. నిజమైన బల్ల మీద గంటకు ముప్ఫై ఆటలు సాగితే, పదివేల ఆటలకు రోజుకు నాలుగు గంటల చొప్పున దాదాపు మూడు నెలలు పడుతుంది. అప్పటికి కూడా మంచి ఆటగాళ్లలో నూటికి ఇరవై తొమ్మిది మంది నష్టంలోనే ఉంటారు. వాళ్లకంటే అధ్వానంగా ఆడినవాళ్లలో కొందరు లాభంతో ఇంటికి వెళ్తారు. నాలుగు రాత్రులు గెలిచి తాను ఆట పట్టేశానని నమ్మేవాడి దగ్గర నిజానికి ఏ సాక్ష్యమూ లేదు.

పిట్స్‌బర్గ్ పోటీని నడిపినవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే అదృష్టాన్ని తగ్గించే ఏర్పాటు చేశారు. ఆటగాళ్లను రెండు జట్లుగా విడదీసి, ఒక గదిలో మనిషికి పడ్డ ముక్కలు రెండో గదిలో ప్రోగ్రాంకు, ప్రోగ్రాంకు పడ్డవి మనిషికి పడేలా చూశారు. అప్పుడు ముక్కల మంచిచెడ్డలు చాలావరకు కొట్టుకుపోయి, ఆడిన తీరులోని తేడా మిగులుతుంది.

మనుషుల మధ్య పోటీల్లోనూ ఈ తేడాను కొలిచారు. ఆర్థికవేత్తలు స్టీవెన్ లెవిట్, థామస్ మైల్స్ 2010 నాటి వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ఫలితాలను పరిశీలించారు. అంతకుముందే మంచి ఆటగాళ్లని గుర్తింపు ఉన్నవాళ్లను ఒక గుంపుగా, తక్కినవాళ్లను ఇంకో గుంపుగా తీసుకున్నారు. మొదటి గుంపు పెట్టిన డబ్బు మీద 30 శాతానికి పైగా లాభం పొందింది. రెండో గుంపు 15 శాతం పోగొట్టుకుంది. ఆట పూర్తిగా అదృష్టమే అయితే, పాత పేరుకూ కొత్త ఫలితానికీ ఇలా పొంతన కుదరదు.

లెక్క తెలిసిన చేయి

మొట్టమొదటి నైపుణ్యం అంకెలది. మీ చేతిలో రెండు ఇస్పేట్లు ఉన్నాయి. బల్ల మీద తెరిచిన నాలుగింటిలో మరో రెండు ఇస్పేట్లు. ఇంకొక్కటి పడితే ఐదూ ఇస్పేట్లై ఆట మీదవుతుందనుకుందాం. మీకు కనబడని ముక్కలు 46. వాటిలో ఇస్పేట్లు 9. పాట్‌లో 300 రూపాయలున్నాయి. ప్రత్యర్థి 50 వేశాడు. నిలబడాలా, పడేయాలా?

ఇదే పరిస్థితి 46 సార్లు వచ్చిందనుకోండి. తొమ్మిది సార్లు మీరు 350 చొప్పున 3,150 గెలుస్తారు. 37 సార్లు 50 చొప్పున 1,850 పోగొట్టుకుంటారు. మిగిలేది 1,300 లాభం. కాబట్టి నిలబడటం సరైనది. ప్రత్యర్థి 50 బదులు 300 వేసి ఉంటే? తొమ్మిది సార్లు 600 చొప్పున వచ్చేది 5,400, ముప్ఫై ఏడు సార్లు పోయేది 11,100. అప్పుడు పడేయడమే సరైనది. ముక్కలు అవే, ఆశ అదే, ధర మాత్రం మారింది. నేర్చినవాడు ఇస్పేట్ పడుతుందా అని అడగడు. పడే అవకాశానికి ఎంత ధర ఇవ్వవచ్చో అడుగుతాడు.

రెండో నైపుణ్యం ఎదుటివాడి ముక్కలను ఊహించే పద్ధతి. కొత్తవాడు ఒకే ఊహకు అతుక్కుంటాడు: వీడి దగ్గర రాజుల జత ఉంది, అంతే. అనుభవజ్ఞుడు ఒక జాబితా పెట్టుకుంటాడు. ఇన్ని రకాల ముక్కలతో ఇలా పందెం వేయవచ్చు అని మొదలుపెట్టి, ప్రతి దశలోనూ కుదరనివాటిని కొట్టేస్తూ పోతాడు. కొత్త సమాచారం వచ్చినప్పుడల్లా పాత నమ్మకాన్ని తగుమాత్రంగా సవరించుకోవడం ఇది. శాస్త్రవేత్త పరికల్పనలను పరీక్షించే తీరూ ఇదే. ఇందుకే చివర ఆడే వంతు వచ్చిన ఆటగాడికి మేలు ఎక్కువ. తనకంటే ముందు అందరూ ఏం చేశారో చూశాకే అతను నిర్ణయం తీసుకుంటాడు.

అబద్ధానికీ పాళ్లున్నాయి

బ్లఫ్ అంటే బలం లేకపోయినా ఉన్నట్టు పందెం వేయడం. అది గుండెధైర్యానికి సంబంధించిన విషయమని చాలామంది అనుకుంటారు. గణితవేత్త జాన్ ఫాన్ నాయ్‌మన్ అది లెక్క అని చూపించాడు. 1928లో ఆటల సిద్ధాంతం మీద ఆయన రాసిన పత్రం, 1944లో ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి తెచ్చిన గ్రంథం ఈ శాస్త్రానికి పునాదులు. ఆ గ్రంథంలో పోకర్‌కు, బ్లఫ్‌కు ప్రత్యేక చర్చ ఉంది.

పాట్‌లో 100 ఉంది, మీరు 100 వేశారు. నిలబడాలంటే ప్రత్యర్థి 100 పెట్టాలి, గెలిస్తే అతనికి 200 వస్తుంది. మీరు నిజంగా బలం ఉన్నప్పుడే పందెం వేస్తారని అతనికి తెలిస్తే, ప్రతిసారీ ముక్కలు పడేస్తాడు. మీకు ఎంత మంచి ముక్కలు పడినా పెద్ద పాట్ రాదు. మీరు అడ్డూ అదుపూ లేకుండా బ్లఫ్ చేస్తే ప్రతిసారీ నిలబడి మీ డబ్బు తీసుకుంటాడు. రెండు నిజాలకు ఒక బ్లఫ్ చొప్పున వేస్తే? నిలబడిన మూడుసార్లలో అతను ఒకసారి 200 గెలిచి, రెండుసార్లు 100 చొప్పున ఓడతాడు. లాభం సున్నా. నిలబడినా పడేసినా అతనికి ఒకటే. మిమ్మల్ని దెబ్బతీసే దారి అతనికి మూసుకుపోయింది.

బ్లఫ్‌తో రెండు పనులు జరుగుతాయి. బలహీనమైన ముక్కలతో అప్పుడప్పుడు పాట్ దక్కుతుంది. అంతకంటే ముఖ్యంగా, మీరు నిజంగా బలంగా ఉన్నప్పుడు ఎదుటివాడికి అనుమానం కలిగి నిలబడతాడు. అందువల్ల పట్టుబడిన బ్లఫ్ కూడా వృథా కాదు.

లిబ్రాటస్ బ్లఫ్ చేసింది ఈ లెక్కతోనే. మనుషుల ఆటలు చూసి కాదు, తనతో తాను కోట్లాది సార్లు ఆడుకుని నేర్చుకుంది. ప్రతి ఆట తర్వాత ఇక్కడ వేరేలా ఆడి ఉంటే ఎంత వచ్చేదని చూసుకుని, ఆ లోటును బట్టి తన పద్ధతిని సవరించుకునే గణన దాని మూలం. పిట్స్‌బర్గ్‌లో ప్రతి రాత్రీ అది చేసిన పని ఇంకా గమనించదగింది. ఆటగాళ్ల బలహీనతలను వెతకలేదు. వాళ్లు తన ఆటలో ఎక్కడ కన్నాలు పట్టారో చూసి, వాటిని పూడ్చుకుంది.

ముఖం చదవగలమా?

మనుషుల మధ్య ఆటలో ముఖం, చేతులు, మాట అన్నీ సమాచారమే. అయితే అందులో ఏది నమ్మదగింది? 2013లో మైకేల్ స్లెపియన్, ఆయన సహచరులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ప్రపంచస్థాయి పోటీల వీడియోల్లోంచి ఆటగాళ్లు చిప్స్ ముందుకు తోసే క్షణాలను కత్తిరించి, ఆట గురించి పెద్దగా తెలియని విద్యార్థులకు చూపించి, ముక్కలు ఎంత బలమైనవో అంచనా వేయమన్నారు. ముఖం మాత్రమే చూసినవాళ్లు గుడ్డిగా చెప్పినదానికంటే మెరుగ్గా చెప్పలేకపోయారు. చేతుల కదలిక మాత్రమే చూసినవాళ్లు అంతకంటే బాగా చెప్పారు. బలమైన ముక్కలున్న చేయి తడబాటు లేకుండా కదులుతుంది. ముఖాన్ని దాచుకోవడం వృత్తి ఆటగాళ్లు సాధన చేస్తారు, చేతుల సంగతి మరిచిపోతారు.

2010లో ఎరిక్ ష్లిక్ట్ బృందం దీన్ని రెండో వైపు నుంచి చూసింది. నమ్మకం కలిగించే ముఖం ఎదుట ఉన్నప్పుడు, ఆ ముఖానికీ ముక్కలకూ ఏ సంబంధం లేకపోయినా, ఆడేవాళ్లు ఎక్కువసార్లు తప్పుకున్నారు. మంచివాడిలా కనబడినవాడు అబద్ధం ఆడడని మనసు ముందే తేల్చేసుకుంది. ఎదుటివాడిని చదువుతున్నామనుకునే వేళ చాలాసార్లు మన ముందస్తు అభిప్రాయాన్నే చదువుతుంటాం.

అసలు ప్రత్యర్థి

పోకర్‌లో మనస్తత్వం నిర్ణాయకంగా పనిచేసేది మన సొంత తలలో. డేనియల్ కానమన్, అమోస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, వచ్చిన లాభం ఇచ్చే సంతోషం కంటే అంతే నష్టం ఇచ్చే బాధ పెద్దది. వాళ్ల తర్వాతి కొలతల్లో అది రెట్టింపు పైమాటే. నష్టంలో ఉన్న మనిషి దాన్ని ఖాయం చేసుకోవడానికి ఇష్టపడక, మామూలప్పుడు తొక్కని ప్రమాదకరమైన దారి తొక్కుతాడు. పోయింది రాబట్టుకుని లేస్తాననే మాట పుట్టేది ఇక్కడే.

2009లో గ్యారీ స్మిత్ బృందం ఆన్‌లైన్‌లో పెద్ద పందేలు ఆడేవాళ్ల రికార్డులు పరిశీలించి, ఇది అనుభవజ్ఞులకూ తప్పలేదని చూపించింది. పెద్ద మొత్తం పోగొట్టుకున్న తర్వాత వాళ్లు మామూలుగా పడేసే ముక్కలతో కూడా ఆటలోకి దిగారు. పోకర్ ఆటగాళ్లు దీన్ని టిల్ట్ అంటారు. కోపం, అవమానం, తొందర కలిసి లెక్కను పక్కకు నెట్టేసే స్థితి. టిల్ట్‌లో ఉన్నవాడికి లెక్క తెలియక కాదు, తెలిసిన లెక్కను ఆ కాసేపు వినలేడు. ఒక రాత్రి టిల్ట్ నెల రోజుల ఓపికను తుడిచిపెట్టగలదు. అందుకే కుదురైన ఆటగాళ్లు ఎంత పోతే లేవాలో, ఎన్ని గంటలకు లేవాలో కూర్చోకముందే నిర్ణయించుకుంటారు. బల్ల దగ్గరి మనసుకు ఆ నిర్ణయాన్ని వదిలిపెట్టరు.

ఇంకో ఉచ్చు ఇంతకంటే సూక్ష్మమైనది. ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచడం. అదునులో మేలైన విత్తనం వేసిన రైతుకు వాన మొహం చాటేస్తే పంట పోతుంది, అంతమాత్రాన అతని సేద్యం తప్పని ఊళ్లో ఎవరూ అనరు. పేకాట బల్ల దగ్గర మాత్రం ఆ న్యాయం మనకే గుర్తుండదు. తప్పుగా నిలబడి గెలిచినవాడు ఆ తప్పును తెలివిగా గుర్తుపెట్టుకుంటాడు. సరిగా ఆడి ఓడినవాడు సరైన పద్ధతిని వదిలేస్తాడు. ఒకప్పటి వృత్తి ఆటగత్తె ఆనీ డ్యూక్ 2018లో రాసిన పుస్తకంలో ప్రధానంగా చర్చించింది ఈ పొరపాటునే. మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసి పోకర్ నేర్చుకున్న మరియా కొన్నికోవా తన గురువు ఎరిక్ సైడెల్ గురించి రాస్తూ, దురదృష్టపు కథలు చెప్పబోతే ఆయన వినేవాడు కాదని చెప్పింది. ముక్క ఎలా పడిందన్నది ఆయనకు అనవసరం. ఆ క్షణంలో ఏం ఆలోచించి ఏం చేశావన్నదే కావాలి.

నైపుణ్యం, మనస్తత్వం రెండు వేరువేరు విద్యలు కావని దీన్నిబట్టి తేలుతుంది. లెక్క నేర్చుకోవడం సగం పని. ఆ లెక్కను కోపంలోనూ గెలుపు మత్తులోనూ ఒకేలా పాటించడం రెండో సగం. లిబ్రాటస్‌కు రెండో సగం పుట్టుకతోనే ఉంది. మనుషులు సంపాదించుకోవాలి.

చట్టం ముందు

నైపుణ్యమా అదృష్టమా అన్న ఈ ప్రశ్న న్యాయస్థానాలకూ చేరింది. మన దగ్గర దానికి మూలం సికింద్రాబాద్‌లో ఉంది. 1963లో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసి, రమ్మీ ఆడుతున్నవాళ్ల మీద కేసు పెట్టారు. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, కె. సత్యనారాయణల మధ్య వ్యాజ్యంగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని కోర్టు తేల్చింది. మూడు ముక్కలాటను మాత్రం పూర్తి అదృష్టపు ఆటగా చెప్పింది. ఆడించేవాళ్లు రమ్మీ మీద లాభం తీసినా నేరం కావచ్చని కూడా హెచ్చరించింది.

పోకర్ మీద ఇంత స్పష్టత రాలేదు. పశ్చిమ బెంగాల్ 1957 నాటి చట్టం దాన్ని జూదం నుంచి మినహాయించింది. గుజరాత్ హైకోర్టు 2017లో జూదమేనంది. మద్రాస్ హైకోర్టు 2023లో నైపుణ్యపు ఆట అంది. డబ్బు పందెంతో సాగే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, దేశమంతటా వాటిని నిషేధించింది.

తీర్పు

పోకర్‌లో నైపుణ్యం ఉంది. గణితం, గణాంకాలు, కంప్యూటర్లు మూడూ ఒకే సాక్ష్యం చెప్పాయి. అయితే నైపుణ్యపు ఆట కాబట్టి డబ్బు పెట్టి ఆడవచ్చు అనే వాదన దీన్నుంచి రాదు. ఆరుగురు తలా పదివేలు తెచ్చి కూర్చున్నారనుకుందాం. ఆట నడిపేవాళ్లు ఒక్కో పాట్ నుంచి సగటున వంద తీసుకుంటే, గంటకు ముప్ఫై ఆటల చొప్పున ఐదు గంటల్లో 15,000 పోతాయి. మిగిలిన 45,000 ఆరుగురూ పంచుకోవాలి. సగటు ఆటగాడు ఓడినట్టే. ఒకరు నైపుణ్యంతో గెలవాలంటే తక్కినవాళ్లు అంతకు మించి ఓడాలి. ఆ గెలిచే ఒకరు తామేనని నమ్మడానికి కావలసిన లక్ష ఆటల సాక్ష్యం మనలో దాదాపు ఎవరి దగ్గరా ఉండదు.

ఈ ఆట నేర్పే విద్య మాత్రం విలువైనది. అవకాశానికి ధర కట్టడం, కొత్త సమాచారంతో నమ్మకాన్ని సవరించుకోవడం, ఫలితాన్నీ నిర్ణయాన్నీ విడివిడిగా చూడటం. ఇవి వైద్యుడికీ, వ్యాపారికీ, పరీక్ష తప్పిన విద్యార్థికీ పనికొస్తాయి. వాటిని నేర్చుకోవడానికి డబ్బు అక్కర్లేదు. చింతగింజలు పందెంగా పెట్టుకున్నా లెక్క మారదు. ఇంట్లో పిల్లలతో అలా ఆడి చూడండి. ప్రతి ఆట తర్వాత ఎవరు గెలిచారని కాక, ఎందుకలా ఆడావని అడగండి. మీకు గానీ మీవాళ్లకు గానీ పందెం మానలేని స్థితి వచ్చిందనిపిస్తే, అది బలహీనత కాదు, వైద్యం ఉన్న జబ్బు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416. ఫోన్ చేయడానికి సంకోచించకండి.